మూడో ఎల్బో దగ్గర యమున చేసిన సర్దుబాటు

భావనపాడు హరిబాబు వేసిన అతుకు సరిగ్గా పట్టకే ఆ గొట్టం పగిలిందని గరివిడి బస్సులో ఒకాయన చెప్తుంటే పదిమంది తలూపారట. ఆ మాట అరసవల్లి ఆటోస్టాండుకు వచ్చేసరికి దానికి ఇంకో రెండు ముక్కలు తోడయ్యాయి. ఆ పొద్దున్న హరిబాబు మందేసుకుని పనిలోకి దిగాడని ఒకటి. పగిలింది అణుబట్టీ, అదే రియాక్టరు, కాబట్టి అతన్ని ముట్టుకుంటే మనకీ అంటుకుంటుందని ఇంకొకటి.

బాబూ, ముందు ఈ మూడు మాటలూ పక్కన పెట్టండి. ఆ గొట్టంలో అణు ఇంధనం గోరంత కూడా లేదు. కాచి కరిగించిన ఉప్పు ఉంది, అంతే. హరిబాబు పెళ్ళిళ్ళలో కూడా గోళీసోడాతో సరిపెట్టుకునే మనిషి. ఇక అతుకంటారా, గొట్టం చీలింది అతుక్కి బొటనవేలంత అవతల. అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, కావాలంటే వెళ్ళి చూసి రావచ్చు.

తప్పు ఉన్నది గొట్టంలో కాదు. ఒక కంప్యూటర్లో, ఒకే ఒక్క వరుసలో, చిన్న అంకెగా ఏడాదిన్నరపాటు దాక్కుని ఉంది. ఆ వరుస రాసింది యమున. గొట్టం పగిలిన సాయంత్రానికే ఆమెకు ఆ సంగతి తెలిసిపోయింది. తెలిసీ నలభై మూడు రోజులు నోరు మెదపలేదు. ఆమె చెడ్డమనిషి అయితే ఈ కథ ఇంతటితో ఆపేయొచ్చు. కాదు కాబట్టే మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది.

యమున అరసవల్లి మృదంగం కూర్మనాథంగారి అమ్మాయి. తాతముత్తాతల నుంచి గుడి ఉత్సవాలకు వాయించే ఇల్లు వాళ్ళది. కూర్మనాథంగారు ఎలాంటి మనిషంటే, వంటింట్లో కుక్కరు కూత పెడితే అది తాళంలో ఎన్నో అక్షరానికి పెట్టిందో వేళ్ళమీద చూసుకుంటాడు. భార్య లక్ష్మీకామేశ్వరి వీధిలో పిల్లలకు పాట చెప్తుంది. ఇంతటి ఇంట్లో పుట్టి యమునకు గొంతు రాలేదు, చెయ్యి తిరగలేదు. వచ్చిందల్లా లెక్కలు. అదీ తండ్రి పోలికే అనుకోండి. తాళం కూడా లెక్కేగా.

ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి విజయనగరంలో ఒక కచేరీకి వాయిస్తూ వెంట తీసుకెళ్ళాడు. పాడుతున్నాయన పెద్ద పేరున్నవాడు. పాట మంచి పట్టులో ఉండగా ఆయన ఎక్కడో అర అక్షరం మింగేశాడు. ఇంకో రెండు చుట్లు అలాగే పోతే పాట ఓ దారి, తాళం ఓ దారి అయ్యేవి. కూర్మనాథంగారు రెప్ప ఆర్పకుండా తన వాయిద్యంలో ఏదో కుదించి, ఏదో సాగదీసి, పాటా మృదంగమూ ఒకే దెబ్బ మీద దిగేలా చేశాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లన్నీ పాడినాయనకే.

తిరుగు బస్సులో యమున అడిగింది. "నాన్నా, ఆయన తప్పేసేరు గదా?"

"ఉష్! సూసేసేవేటే నువ్వు?" అని కూర్మనాథంగారు మురిసిపోతూ పక్క సీట్ల వాళ్ళు విన్నారేమోనని చూశాడు. "పాడినాయన పరువు మన సేతుల్లో ఉంటాది అమ్మలూ. ఆయన పడబోతే మనం కింద సెయ్యి పెట్టాల. సభకి తెలవకూడదు."

ఆ పిల్ల ఆ మాట పట్టుకుని పడుకుంది. అంతకంటే గొప్ప పని లోకంలో ఉండదనుకుంది.

తర్వాత శ్రీకాకుళంలో ఫిజిక్సు, ఆ తర్వాత ఎం.టెక్., అటుపైన గరివిడి అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో జగన్నాధం మాస్టారి ప్రాజెక్టులో ఉద్యోగం. చుట్టాలు "మీ అమ్మాయి ఏం చేస్తోంది" అని అడిగితే లక్ష్మీకామేశ్వరి ఒకటే జవాబు చెప్పేది. "కంప్యూటర్లో ఉప్పు మరగబెడతాది."

నవ్వుకున్నా, ఆవిడ చెప్పింది సత్యానికి దగ్గరే. మామూలు అణుబట్టీలో ఇంధనం గట్టిగా కడ్డీల్లో ఉంటుంది, పొయ్యిలో కట్టెలాగా పెట్టినచోటే ఉంటుంది. యమునవాళ్ళు లెక్కకట్టే రకం వేరు. అందులో ఇంధనాన్ని కరిగిన ఉప్పులో కలిపేస్తారు, పులుసులో కారం కలిసినట్టు. పంపు తోస్తుంటే ఆ పులుసు బట్టీలోకి పోయి వేడెక్కుతుంది, బయటికొచ్చి ఆ వేడి ఒదిలేసి, మళ్ళీ లోపలికి పోతుంది. చిక్కెక్కడంటే, ఆ పులుసులో కొన్ని రేణువులు తమ మిణుకును అప్పటికప్పుడు విసరవు. కొన్ని సెకన్లు ఆగి విసురుతాయి. బట్టీని అదుపులో ఉంచేవి ఆ ఆలస్యపు మిణుకులే. కట్టెపొయ్యి అయితే ఆ మిణుకు పొయ్యిలోనే పడుతుంది. ఇక్కడ ఆ కొన్ని సెకన్లలో పులుసు గొట్టంలో ఎంత దూరం పోయి ఉంటుందో! అందుకని ఏ చుక్క ఏ సెకనులో ఎక్కడుందో తెలియకపోతే బట్టీ ఎలా నడుస్తుందో చెప్పలేరు. నిజం బట్టీ కట్టుకుని చూడటం కుదరదు కాబట్టి ముందు కంప్యూటర్లో నడిపి చూస్తారు. నడిపేది యమున.

కంప్యూటరు చెప్పిందల్లా నమ్మకూడదని జగన్నాధం మాస్టారు పట్టుబట్టి షెడ్డులో ఒక లూపు, అంటే తిరిగి మొదటికే వచ్చే గొట్టాల చుట్టు, కట్టించారు. లోపల నీళ్ళు కనిపించే ప్లాస్టిక్కు గొట్టాలు, ఓ పంపు, మలుపుకో ఎల్బో చొప్పున ఐదు ఎల్బోలు. అందులో తిరిగేది ఉత్త నీళ్ళే. ఒకచోట చారెడు నౌపడ ఉప్పు కలిపిన రంగునీళ్ళు పిచికారీతో వదిలితే, ఆ ఉప్పు ఎక్కడెక్కడికి ఎన్ని సెకన్లకు చేరిందో లోపల పెట్టిన తీగలు చెప్తాయి. కంప్యూటరు లెక్కా లూపు లెక్కా ఒకటైతే మన లెక్క మంచిదన్నమాట.

ఆ లూపు బిగించడానికి వచ్చినవాడే హరిబాబు. భావనపాడులో దాలయ్య కొడుకు. తండ్రి సముద్రంలో చేపల వేటకెళ్తుంటే ఇతను బోటు ఇంజన్ల గొట్టాలు అతుకుతూ చెయ్యి తిరిగినవాడు. యమునకంటే మూడేళ్ళు చిన్న. మొదటి వారం "మేడమ్" అన్నాడు, రెండో వారానికి, అక్కను పిలిచినట్టు, "అప్పా" అయిపోయింది.

"ఏటప్పా, ఆ సిటికెడు ఉప్పు? మా యమ్మ ఎండుసేపకి ఇంతకి పదింతలు ఏస్తాది."

"ఇది ఎండబెట్టడానిక్కాదురా, లెక్కపెట్టడానికి."

"ఉప్పుని లెక్కెడతారేటి! మా ఊర్లో సెప్తే నన్ను ఆసుపత్రికి అట్టుకెల్తారు."

ఇలా ఉండేది వాళ్ళ వరస.

కంప్యూటరు లెక్క ప్రకారం ఉప్పునీళ్ళు ఒక చుట్టు తిరిగిరావడానికి పధ్నాలుగు సెకన్లు. లూపులో మొదటి నీళ్ళు సరిగ్గా పధ్నాలుగుకే వచ్చేవి. కానీ తోక తెగేది కాదు. ఇరవై దాటినా కొద్దికొద్దిగా ఉప్పు వస్తూనే ఉండేది. అన్నీ కలిపి సగటు తీస్తే పద్దెనిమిది. యమున పంపు మార్పించింది, తీగలు మార్పించింది. పద్దెనిమిది పద్దెనిమిదిలాగే కూర్చుంది.

ఒక మధ్యాహ్నం హరిబాబు గొట్టానికి మొహం ఆనించి కేకేశాడు. "అప్పా, ఇలా రా. ఈ మూడో ఎల్బో కాడ రంగు ఎల్లటం నేదు."

"ఎల్తోంది కదరా."

"పైనుంచి ఎల్తంది. లోపలి మూల సూడు, కూకుండిపోయి అక్కడక్కడే తిరుగుతంది. మా మొగ కాడ నురగ ఇలాగే సేస్తాది. ఏరు సముద్రంలో కలిసిపోతాది గాని, నురగ ఓ మూల సేరి కదల్దు."

"నువ్వు పంపు తగ్గించుంటావు."

"పంపునంటావేటి? నీ కంప్యూటరు తప్పనడానికి నోరు రాదు గావాల."

యమున నవ్వింది. "సర్లేరా, నేను సర్దేస్తాను."

ఆ మూడో ఎల్బో దాటగానే గొట్టం ఒక్కసారిగా వెడల్పవుతుంది, అక్కడ మూలలో నీళ్ళు సుడి తిరిగి నిలిచిపోతున్నాయి. హరిబాబు చూసింది నిజమని యమునకు ఆ రోజే అనుమానం. కానీ ఆ సుడిని పట్టుకోవాలంటే జగన్నాధం మాస్టారి సూత్రం మార్చాలి. నీళ్ళు గొట్టంలో ఎలా ప్రవహిస్తాయో చెప్పే ఆ సూత్రం మాస్టారు ముప్పై ఏళ్ళ కింద కట్టింది. పాఠాల్లో అది చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోయేది. మార్చి మళ్ళీ లెక్క నడపాలంటే మూడు వారాలు. మాస్టారి ఆఖరి సెమినారుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. విశాఖ నుంచి ఒక కంపెనీ ఇంజనీర్లు వస్తున్నారు. ఆ నెలాఖరుకు మాస్టారు రిటైరు.

ఇంకో ఇంట్లో పుట్టిన పిల్ల అయితే ఏం చేసేదో. "సార్, తేడా వస్తోంది" అని గదిలోకి వెళ్ళి చెప్పేదేమో. లేదంటే బద్ధకించి వదిలేసేదేమో. కూర్మనాథంగారి అమ్మాయికి మాత్రం పాడుతున్నాయన అర అక్షరం మింగేసినట్టు కనిపించింది. కింద చెయ్యి పెట్టాలనిపించింది. ప్రోగ్రాంలో ఒక వరుస చేర్చింది. చుట్టు తిరిగే కాలాన్ని ఒకటీ పాయింటు రెండు ఎనిమిదితో హెచ్చించమని. అంతే, పధ్నాలుగు కాస్తా పద్దెనిమిది అయింది. కంప్యూటరు సగటూ లూపు సగటూ ఒకటైపోయాయి. ఇలాంటి అంకె వేస్తే ఎందుకు వేశామో పక్కన రాసి పెట్టడం ఆ పనిలో పద్ధతి. యమున రాయలేదు. సభకి తెలియకూడదు కదా.

అసలు కీడంతా ఇక్కడుంది, కాస్త నిదానంగా చూడండి. ఆలస్యమంతా మూడో ఎల్బో మూలలో పోగుపడి ఉంటే, యమున అంకె దాన్ని తీసి లూపంతా సమంగా పరిచేసింది. మొత్తం సరిపోయింది. బొమ్మలో మాత్రం ఐదు ఎల్బోల్లోనూ ఉప్పు చక్కగా పారుతున్నట్టే కనిపించింది.

సెమినారులో చప్పట్లు మోగాయి. జగన్నాధం మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ముప్పై ఏళ్ళ సూత్రం ఈ రోజు నిలబడింది" అన్నారు. వెనక వరసలో కూర్చున్న యమునకు ఆ క్షణాన తప్పు చేశానని లేదు. తండ్రికి స్టేజీ మీద ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందనుకుంది.

కంపెనీవాళ్ళు ఆ బొమ్మలు పట్టుకెళ్ళారు. విశాఖ అవతల వాళ్ళ షెడ్డులో అదే లూపును ఉక్కు గొట్టాలతో కట్టి, ఇంధనం లేకుండా నిజమైన కరిగిన ఉప్పు తిప్పి చూస్తామన్నారు. ఆ ఉప్పు ఆరొందల డిగ్రీల దగ్గర నీళ్ళలా పారుతుంది. నాలుగొందల యాభైకి దిగిందంటే రాయే. అందుకని గొట్టాలకు హీటరు తీగలు చుట్టాలి. ఎక్కడ దట్టంగా, ఎక్కడ పల్చగా అన్నది యమున బొమ్మ చూసే నిర్ణయించారు. మూడో ఎల్బో కింద గొట్టాన్ని మోసే స్టాండు అడ్డొచ్చింది. బొమ్మలో అక్కడ ఉప్పు బాగానే పారుతోంది కదా అని ఆ మూలకు తీగ లేకుండా వదిలేశారు.

మంచి వెల్డరు కావాలని అడిగితే యమునే చెప్పింది. "మా హరిబాబు కంటే శుభ్రంగా అతికేవాడు ఈ మూడు జిల్లాల్లో లేడు." కొడుక్కి విశాఖలో పని దొరికిందని హరిబాబు తల్లి బుల్లమ్మ అరసవల్లికి బుట్టెడు జీడిమామిడి పళ్ళు పంపింది.

ఏడాది నడిచింది. వేసవిలో ఓ సోమవారం పొద్దున్న ఆపి ఉంచిన లూపును మళ్ళీ వేడి చేస్తుండగా మూడో ఎల్బో దగ్గర వేడి తక్కువ చూపించింది. హరిబాబు మొహానికి అడ్డు పెట్టుకుని, గ్లవుజులు తొడుక్కుని దగ్గరికి వెళ్ళి చూస్తున్నాడు. అవతల కంట్రోలు బల్ల దగ్గరున్నాయన వేడి పెంచాడు. మూలలో ఉప్పు అప్పటికే రాయి కట్టి ఉంది. దాని పక్కన రెండు గడ్డల మధ్య ఇరుక్కున్న ఉప్పు ముందు కరిగింది. ఉప్పు కరిగితే ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటు లేదు. గొట్టం చీలింది. మొహానికేం కాలేదు. ఎడమచెయ్యి అరచేతి నుంచి మోచేతి దాకా కాలిపోయింది.

సాయంత్రం జగన్నాధం మాస్టారు ఇంటి నుంచి ఫోను చేశారు. "మన డిజైనులో ఏమీ లేదమ్మా. అతుకు దగ్గరే చీలిందట. పాపం ఆ కుర్రాడు."

యమున కంప్యూటరు తెరిచింది. ఆ ఒక్క వరుసా తీసేసింది. మాస్టారి సూత్రం బదులు వేరేది పెట్టి ఆ ఎల్బో ఒక్కదాన్నే నడిపింది. ఒక్క ఎల్బోకి మూడు వారాలక్కర్లేదు, రెండు గంటలు చాలింది. బొమ్మ వచ్చింది. మూడో ఎల్బో లోపలి మూల నీలంగా, చల్లగా, కమిలిన గోరులా ఉంది.

నాలుగో రోజున బత్తాయిలు పట్టుకుని విశాఖ ఆసుపత్రికి వెళ్ళింది. ఇప్పుడు చెప్పేయాలనే వెళ్ళింది. హరిబాబు చేతికి తెల్లటి కట్టు. ఆమెను చూసి నవ్వాడు.

"అప్పా, నీకు సెడ్డపేరు తెచ్చేసినాను."

"అదేం మాటరా."

"నువ్వు సెప్తేనే గదా ఆల్లు నన్ను తీసుకున్నది. నా అతుకు ఎలగ ఇడిసిందో తెలవటం నేదు. మూడుసార్లు రుద్ది సూసినాను. నువ్వు సదువుకున్నదానివి, సెప్పు. నానెక్కడ తప్పు సేసినాను?"

యమున బత్తాయి వలుస్తూ కూర్చుంది. వలిచి, గింజలు తీసి, తొనలు పళ్ళెంలో పెట్టింది. "ముందు తగ్గనీరా" అంది. లేచి వచ్చేసింది.

ఆ మాట ఆమెను ఇంటిదాకా తరుముకుంటూ వచ్చింది. కంపెనీవాళ్ళ కాగితంలో 'అతుకు లోపం' అని రాసుకున్నారు. హరిబాబును పనిలోంచి తీసేశారు. టెక్కలిలో బోటు ఇంజన్ల కొట్టువాడు కూడా ఇక పిలవనన్నాడని తెలిసింది. యమున కంపెనీకి ఉత్తరం టైపు చేసేది, చెరిపేసేది. చెప్తే మాస్టారి ముప్పై ఏళ్ళ పేరు పోతుందనుకునేది. చెప్తే కాలిన చెయ్యి మామూలవుతుందా అనుకునేది. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టేది. పొయ్యి మీద నెయ్యి కాగుతుంటే వంటింట్లోకి పోవడం మానేసింది. లక్ష్మీకామేశ్వరి దిష్టి తీసింది.

నలభై మూడో రోజు పొద్దున్న కూర్మనాథంగారు చావిట్లో మృదంగం ఎడమవైపు తోలుకు నాదం కోసం రవ్వముద్ద పెడుతున్నాడు. యమున వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఇజీనారం కచేరీలో ఆయన తప్పేసినప్పుడు నువ్వు సర్దేవు గదా."

"ఏ కచేరీ? నలభైయేళ్ళలో వందమందివి సర్దుంటాను."

"నాకు పదేళ్ళప్పుడు. ఆయనకి తాను తప్పేసినట్టు తెలుసా?"

"తెలక? గ్రీన్‌రూమ్‌లోకి ఎల్లగానే తలుపేసి మరీ సెప్పేను. 'బాబూ, తమరు రెండో సంగతి కాడ అర అచ్చరం మింగేసేరు. రేపు బొబ్బిల్లో జాగర్త' అన్నాను. కోపం వచ్చేసిందాయనకి. కాఫీ కూడా ముట్టుకోలేదు."

యమున ముందుకు జరిగింది. "నాకా మాట సెప్పలేదేం?"

"నువ్వు బయట సోడా తాగుతున్నావు గదే. అయినా అదేటి కొత్తా? సెప్పకపోతే ఎలగ? రేపు ఇంకో ఊర్లో, ఇంకో మృదంగంతో ఆయన అక్కడే పడతాడు. అప్పుడు ఆ పాపం ఎవరిది? నాదే గదా." ముద్ద అద్దుతున్న చెయ్యి ఆగింది. "ఏటయ్యింది అమ్మలూ? ఎవర్ది సర్దేవు నువ్వు?"

యమున అప్పటికే లేచింది. చెప్పులేసుకుని బయటపడింది. టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో.

భావనపాడులో హరిబాబు ఇంటి ముందు చేరగానే ముందు కనబడింది ఇనుప గొట్టాల ముక్కల కుప్ప. అన్నీ అతికినవే, అన్నీ నిలువునా కోసినవే. చేపలు ఎండేసే పట్టా మీద సగం అవే. హరిబాబు ఒక గొట్టాన్ని కాలితో తొక్కిపట్టి కుడిచేత్తో రంపం ఆడిస్తున్నాడు. ఎడమచేతి వేళ్ళు రెండు ముడుచుకోవడం లేదు.

బుల్లమ్మ నెత్తిమీద గంప దించి అందుకుంది. "నువ్వైనా సెప్పు తల్లీ. పదిరోజులై ఇదే పని. ఒంటిసేత్తో అతుకుతాడు, మల్ల కోసేత్తాడు, లోపల సూత్తాడు. తిండి నేదు. పిచ్చి పట్టినాది ఈడికి."

"పిచ్చి కాదే అమ్మా. ఎక్కడ తప్పు సేత్తన్నానో తెలిత్తే మానేత్తాను." హరిబాబు రెండు సగాలూ విడదీసి ఎండకు ఎత్తి యమునకు చూపించాడు. "సూడప్పా. ఇదీ బాగానే ఉన్నాది. ముప్పై కోసినాను. ఒక్కదాంట్లో కూడా తప్పు దొరకటం నేదు."

"దొరకదు హరీ," అంది యమున. "అందులో లేదు. నా దగ్గర ఉంది."

నిలబడే చెప్పింది. పధ్నాలుగు, పద్దెనిమిది, ఒక వరుస, బొమ్మ, తీగ లేని మూల. మొదటి రోజు సాయంత్రానికే తనకు తెలుసని కూడా చెప్పింది. అది చెప్పకుండా ఉంటే సగం బరువు తగ్గేది. ఆమె తగ్గించుకోలేదు.

హరిబాబు రంపం కింద పెట్టాడు. "మూడో ఎల్బోయేనా?"

"అదే."

"నాను సెప్పినాను గదా ఆ మూల గురించి."

"సెప్పేవు."

"మరి నువ్వేటి సేసినావు?"

"సర్దేసేను."

 మధ్యలోకి వచ్చింది బుల్లమ్మ. "ఓలమ్మా! ఇలగ సర్దేత్తారేటి? ఏదీ, మావోడి సెయ్యి కూడా ఓపాలి సర్దు, సూత్తాను. బత్తాయిలు వలిచి పెట్టినావంట గదా ఆసుపత్రిలో! పక్కన కూకుని, ఆడు అడుగుతుంటే, నోట్లో మాట పెట్టుకుని!"

"అమ్మా, ఊరుకో."

"ఎందుకు ఊరుకోవాల? ఊరంతా నీ కొడుకు తాగి పని సేసినాడంటే నానెంతమందితో కొట్లాడినాను!"

 హరిబాబు మాత్రం ఒక్కటే అడిగాడు. "ఈ మాట కాయితం మీద రాత్తావా?"

"రాస్తాను. ఇవ్వాళే కంపెనీకి..."

"ఇంటికెల్లి కాదు. ఇక్కడ రాయి. నా ముందర."

చేపల ట్రే బోర్లించి దానిమీద కాగితం పెట్టుకుని రాసింది. హరిబాబు చదవమన్నాడు. బుల్లమ్మకు అర్థం కావాలని తెలుగులోనే రాయించాడు. 'లెక్కలో తేడా సర్దబడింది' అని ఉన్నచోట ఆపాడు. "సర్దబడింది కాదు. నాను సర్దినాను అని రాయి." కొట్టేసి అలాగే రాసింది. 'మూల గురించి హరిబాబు ముందే చెప్పాడు' అన్న మాట అతను అడగకుండానే చేర్చింది. ఫోనుతో ఆ కాగితం ఫోటో తీసి, అక్కడే నిలబడి, కంపెనీకీ జగన్నాధం మాస్టారికీ పంపింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. హరిబాబు చూస్తూ ఉన్నాడు గానీ సాయం పట్టలేదు.

కంపెనీవాళ్ళు వచ్చి గొట్టం కోసి చూశారు. కాగితంలో 'అతుకు లోపం' కొట్టేశారు. హరిబాబును మళ్ళీ పిలిచారు. ఇప్పుడు అతికే పని కాదు, అతుకులు పరీక్షించే పని. వెళ్ళాడు, మంచి పేరు తెచ్చుకుంటున్నాడు. యమునను ప్రాజెక్టులోంచి తీసేశారు, తీసేయాల్సిందే. జగన్నాధం మాస్టారు పదిరోజులు ఫోను ఎత్తలేదు. పదకొండో రోజు ఒక్క మెసేజ్ పెట్టారు. 'నాకు ఆ రోజే చెప్పి ఉంటే సెమినారు ఆపి సూత్రం మార్చుకునేవాణ్ణమ్మా.'

ఎవరి పరువు కోసం ఇదంతా చేసిందో ఆయనకే అక్కర్లేకపోయింది. ఈ మెసేజ్ దగ్గరే యమున ఇంకా ఆగిపోయి ఉంది. హరిబాబు అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. "కోపం పోలేదప్పా, గాని అన్నం తిను" అంటాడట. ఆమె ఇల్లు కదలడం మానేసింది. అయిదేళ్ళలో తాను రాసిన ప్రతి లెక్కా తిరగేస్తూ, ఇంకెక్కడైనా ఇలాంటి అంకె పెట్టానేమోనని వెతుక్కుంటోంది. కూర్మనాథంగారు ఇంట్లో ఉంటే కదా పలకరించడానికి, కచేరీలకు తిరుగుతూ ఉంటాడు. లక్ష్మీకామేశ్వరికి కూతుర్ని చూస్తే ఏడుపే.

అరసవల్లి ఆటోస్టాండు దాటాక నోటుపుస్తకాల కొట్టు పక్క సందులో నాలుగో ఇల్లు. మీలో ఎవరు అటు వెళ్ళినా ఒక్కసారి ఆగండి. ఊరడించమని అడగడం లేదు. చేసింది చిన్న తప్పేనని చెప్పొద్దు, చిన్నది కాదు, ఆమెకూ తెలుసు. తిన్నావా అని అడగండి. తినలేదంటే కూర్చుని తినేదాకా కదలకండి.